మా నాయనకి ముద్ద దిగట్లేదు, మెడ కోయకుండా బాగవుతుందా?

ప్రశ్న: సార్, మాది ఆదోని. మా నాయనకి 76 ఏండ్లు. రెండేండ్ల నుంచి ముద్ద మింగితే గొంతులోనే నిలబడిపోతాంది అంటాడు. తిన్న మూడు నాలుగు గంటలకి పడుకుంటే అన్నం మెతుకులు అట్లే నోట్లోకి వస్తాయి, పులుపు వాసన కూడా ఉండదు. రాత్రిళ్ళు ఒకటే దగ్గు. నీళ్ళు తాగితే మెడలో గుడగుడ అని మాకు కూడా వినిపిస్తుంది. నోటి వాసన వస్తుందని మనుషుల్లోకి పోవడం మానేసినాడు. 62 కేజీలు ఉండే మనిషి 51కి వచ్చినాడు. గ్యాస్ అని ఏడాదిన్నర గోళీలు వాడినాం. ఎండోస్కోపీ చేయబోతే పైపు లోపలికి పోలేదని ఆపేసినారు. తర్వాత బేరియం తాపి ఎక్స్‌రే తీస్తే మెడ దగ్గర 4 సెంటీమీటర్ల సంచి ఉంది అన్నారు. ఒక డాక్టరు మెడ కోసి తీసేయాలన్నాడు, ఇంకొకరు హైదరాబాద్‌లో నోట్లోంచే చేస్తారు కోత ఉండదు అన్నారు. మా అన్న ఏమో ఈ వయసులో ఆపరేషన్ ఏంటికి, ముసలాయన మీద కొత్త కొత్త ప్రయోగాలు వద్దు, జావ తాపుకుంటా ఉందాం అంటాడు. నాయనకి బీపీ ఉంది, నాలుగేండ్ల కింద గుండెకి స్టెంట్ వేసినారు, మెడ పట్టేసి తల పైకెత్తలేడు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం మొత్తంలో నాకు బాగా పనికొచ్చింది ఆ ఒక్క మాట, "పులుపు వాసన కూడా ఉండదు" అన్నది. కడుపులోకి పోయి వెనక్కి వచ్చిన అన్నమైతే పుల్లగా, చేదుగా ఉంటుంది కదా, మీ నాయనది అట్ల లేదు అంటే ఆ అన్నం అసలు కడుపు దాకా పోనే లేదు, మధ్యలో ఎక్కడో దాక్కొని మళ్ళీ బయటికి వస్తాంది. ఏడాదిన్నర గ్యాస్ గోళీలు ఎందుకు పని చేయలేదో ఇప్పుడు అర్థమైంది కదా, గ్యాస్ గోళీ కడుపులో యాసిడ్ తగ్గిస్తుంది, గొంతులో సంచిని ఏం చేస్తుంది పాపం.

ఎవర్నో అనడానికి కాదులే, నేనూ అదే తప్పు చేసినోన్ని. సర్వీసులో కొత్తగా చేరినప్పుడు మా చిన్నాయనే సరిగ్గా ఇవే బాధలు చెప్పుకుంటే ఎనిమిది నెలలు గ్యాస్ మందులు రాసిచ్చినా, "వయసు మీద పడింది చిన్నాయనా, మెల్లగా నమిలి తిను" అని సలహా కూడా చెప్పినా, చివరికి నిమోనియాతో ఆసుపత్రిలో పడితే గానీ నాకు వెలగలేదు. అప్పటి నుంచి ముసలివాళ్ళు ఎవరైనా మింగలేకపోతున్నాం అంటే వయసు అనే మాట నా నోట్లోంచి రాదు. వయసుకి మింగుడు కొంచెం నెమ్మదిస్తుంది, నిజమే, కానీ మనిషి 11 కేజీలు తగ్గిపోడు.

సరే, ఈ సంచి ఏంటో చెప్తా. గొంతు అయిపోయి అన్నవాహిక మొదలయ్యే చోట ఒక కండరం ఉంగరం లాగా బిగించి ఉంటుంది, క్రికోఫారింజియస్ అంటారు, పేరు గుర్తు పెట్టుకోనక్కర్లేదు. మామూలుగా అది మూసుకొని ఉంటుంది, మనం మింగినప్పుడు మాత్రం రెప్పపాటు వదులై ముద్దని కిందికి పంపి మళ్ళీ బిగుసుకుంటుంది. కొందరికి వయసు పైబడ్డాక ఆ కండరం గట్టిపడి పూర్తిగా వదులవదు. పైనుంచి ముద్ద తోస్తాంటుంది, కింద తలుపు సగమే తెరుచుకుంటుంది, ఆ ఒత్తిడి ఎక్కడికి పోవాల? ఆ కండరానికి సరిగ్గా పైన, గొంతు వెనక గోడలో పుట్టుకతోనే పల్చగా ఉండే జాగా ఒకటి ఉంటుంది. సైకిల్ టైరు చిరిగిన చోట లోపలి ట్యూబ్ బుడగ లాగా బయటికి తోసుకొస్తుంది చూడు, అట్ల గొంతు లోపలి పొర ఆ పల్చటి జాగాలోంచి వెనక్కి ఉబ్బి, ఏండ్లు గడిచే కొద్దీ సంచి అయిపోతుంది. జెంకర్ డైవర్టిక్యులమ్ అంటారు దీన్ని, 1877లో దీని గురించి వివరంగా రాసిన జర్మనీ డాక్టరు పేరు మీద. ఎక్కువగా 60, 70 దాటిన వాళ్ళకే వస్తుంది, ఆడవాళ్ళ కన్నా మగవాళ్ళకి ఎక్కువ. అరుదైన జబ్బే, అందుకే చాలామంది డాక్టర్లకి ముందు గ్యాసే తోస్తుంది.

మీ నాయన తిన్న దాంట్లో కొంత ఆ సంచిలోకి పోతాంది. నీళ్ళు అందులో పడితే గుడగుడ, అన్నం కుళ్ళితే నోటి వాసన, పడుకుంటే అది ఒలికి మెతుకులు నోట్లోకి, ఇంకొంచెం అదృష్టం బాగలేకపోతే గాలి గొట్టంలోకి. ఆ రాత్రి దగ్గు అదే. నేను భయపడేది కూడా దానికే, సంచి వల్ల చచ్చిపోరు గానీ ఊపిరితిత్తుల్లోకి అన్నం పోయి వచ్చే నిమోనియా ఈ వయసులో తట్టుకోవడం కష్టం. ఇంకో సంగతి ఎవరూ చెప్పి ఉండరు, బీపీ గోళీ, గుండె గోళీ కూడా ఒక్కోసారి ఆ సంచిలోనే పడి ఉండిపోతాయి. మందులు క్రమం తప్పకుండా వేసుకుంటాన్నా బీపీ ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ ఉంటే దీన్ని కూడా అనుమానించాల, డోసు పెంచేసే ముందు.

ఇప్పుడు మెడ కోయకుండా ఎట్ల చేస్తారు అనేది. చాలామంది అనుకునేది ఏందంటే ఆ సంచిని నోట్లోంచి కోసి బయటికి తీస్తారని. కాదు, సంచి అక్కడే ఉంటుంది. మీకు కేసీ కాలువ కింద పొలాలు తెలుసు కదా, కాలువ పక్కనే ఒక గుంత ఉండి నీళ్ళు అందులో నిలబడిపోతే ఏం చేస్తారు, గుంతని పూడ్చే పని పెట్టుకోరు, గుంతకీ కాలువకీ మధ్య ఉన్న గట్టుకి గండి కొడతారు, నీళ్ళు కాలువలో కలిసిపోతాయి. ఇక్కడా అంతే. సంచికీ అన్నవాహికకీ మధ్య ఒక గోడ ఉంటుంది, ఆ గోడ లోపలే మనం చెప్పుకున్న బిగుసుకుపోయిన కండరం ఉంటుంది. నోట్లోంచి ఎండోస్కోప్ పంపి, దాని కొసలో సన్నటి కత్తితో కరెంటు పెట్టి ఆ గోడని కిందికి చీలుస్తారు. ఒక దెబ్బకి రెండు పనులు, సంచిలో అన్నం నిలబడకుండా కిందికి జారిపోతుంది, అసలు దోషి అయిన కండరం కూడా తెగి వదులవుతుంది. తర్వాత చిన్న క్లిప్పులు పెడతారు, అవి కొన్ని రోజులకి వాటంతట అవే ఊడి కడుపు దారిన పోతాయి. పని మామూలుగా గంట లోపు అయిపోతుంది, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు.

ఇందులో రకాలు ఉన్నాయి, హైదరాబాద్ పోతే మీకు రెండు మూడు పేర్లు వినిపిస్తాయి, తికమక పడొద్దు. ఒకటి ఈఎన్టీ వాళ్ళు గట్టి స్టీలు గొట్టం పెట్టి స్టేప్లర్‌తో చేసేది, గోడని కోస్తా కోస్తానే రెండు పక్కలా పిన్నులు కొట్టుకుంటా పోతుంది, చాలా మంచి పద్ధతే గానీ దానికి పూర్తి మత్తు కావాల, నోరు బాగా తెరవాల, తల బాగా వెనక్కి వాల్చాల. మీ నాయన తల పైకెత్తలేడు అన్నావు కదా, ఆయనకి అది కుదరడం కష్టం. రెండోది నేను పైన చెప్పిన మెత్తటి ఎండోస్కోప్‌తో చేసేది, మెడ వంచే పని లేదు, పూర్తి మత్తు పడని వాళ్ళకి నిద్రమత్తు ఇచ్చి కూడా చేయొచ్చు. మూడోది జెడ్ పోయెమ్ అంటారు, అది కూడా మెత్తటి ఎండోస్కోపే, కాకపోతే గోడని నేరుగా కోయకుండా పై పొర కింద చిన్న సొరంగం చేసుకుంటా పోయి లోపల కండరాన్ని మాత్రం మొదలంటా కోసి, పైన పొరని మళ్ళీ క్లిప్పులతో మూసేస్తారు. రెండోదా మూడోదా అని మీరు బుర్ర బద్దలు కొట్టుకోవద్దు, చేసే డాక్టరుకి ఏది బాగా చేయి తిరిగిందో అదే మీ నాయనకి మంచిది.

ఇక మీ అన్న గురించి. ఆయన్ని తప్పు పట్టను, నాయన మీద ప్రేమతోనే అంటాడు. కానీ కొత్త ప్రయోగం అనే మాట మాత్రం నిజం కాదు అని చెప్పు. నోట్లోంచి ఆ గోడని కోయడం 1917లోనే అమెరికాలో మోషర్ అనే డాక్టరు చేసినాడు, అంటే మన జేజినాయనల కాలం. అప్పట్లో యాంటీబయాటిక్స్ లేవు, ఒక పేషెంటుకి ఛాతీలోకి ఇన్ఫెక్షన్ పోయి చనిపోతే ఆయనే భయపడి ఆపేసినాడు. 1960లో డోల్‌మన్ అనే ఆయన కరెంటుతో కోసే పద్ధతిలో వందమంది పేషెంట్ల లెక్క చూపించినాడు, 1993లో స్టేప్లర్ వచ్చింది, 1995లో మెత్తటి ఎండోస్కోప్. అందులో మరీ కొత్తది అంటే ఆ సొరంగం పద్ధతి ఒక్కటే, 2016 నుంచి. మన దగ్గర కూడా ఎండోస్కోపీలో పెద్ద పేరున్న నాగేశ్వర్ రెడ్డి గారు చదివింది మన కర్నూలు మెడికల్ కాలేజీలోనే, 2025లో పద్మవిభూషణ్ వచ్చింది ఆయనకి, ఇది ఊరి గొప్ప కోసం చెప్పినాలే, మీ నాయనని ఫలానా చోటికే తీసుకుపోమని కాదు. హైదరాబాద్ అయినా బెంగళూరు అయినా, ఈ పని తరచుగా చేసే చోటికి పోండి, అంతే.

జావ తాపుకుంటా ఉందాం అనేదానికి నా జవాబు ఇది. సంచి చిన్నగా ఉండి, మనిషి బాగా తింటా, దగ్గు లేకుండా, బరువు తగ్గకుండా ఉంటే నేను కూడా ముట్టుకోవద్దు అనే చెప్తా, వేరే దేనికో ఎక్స్‌రే తీస్తే కనబడిన సంచులు అట్ల చాలానే ఉంటాయి. మీ నాయనది ఆ కథ కాదు. ఆయన జావ కూడా సంచిలోకే పోతుంది, రాత్రి ఒలికి ఊపిరితిత్తుల్లోకి పోవడానికి అన్నం కన్నా జావకే ఇంకా సులువు. ఆ కండరం మందులకి వదులవదు, వ్యాయామాలకి తగ్గదు, సంచి తనంతట తాను చిన్నది కాదు. 76 ఏండ్లు అనేది మెడ కోతకి అయితే కొంచెం ఆలోచించాల్సిన విషయమే, నోట్లోంచి మెత్తటి ఎండోస్కోప్‌తో చేసే పని మొదలుపెట్టిందే ఇట్లాంటి వయసు వాళ్ళ కోసం. నా మాట అడిగితే చేయించండి, ఇంకో ఐదు కేజీలు తగ్గకముందే చేయించండి, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు చేస్తే గాయం కూడా త్వరగా మానుతుంది.

అట్లని మెడ కోసి చేస్తామన్న డాక్టరు తప్పు చెప్పలేదు. కోసి చేస్తే మళ్ళీ తిరగబెట్టడం తక్కువ, సంచి మరీ పెద్దదైతేనో, నోట్లోంచి దారి కుదరకపోతేనో ఇప్పటికీ అదే చేస్తారు. కాకపోతే అక్కడ గొంతు పలికించే నరం పక్కనే ఉంటుంది, దెబ్బ తగిలితే గొంతు బొంగురుపోతుంది, కుట్టు ఊడి లీక్ అయ్యే ప్రమాదం, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు, గుండెకి స్టెంట్ ఉన్న మనిషికి పూర్తి మత్తు. నోట్లోంచి చేసే దాంట్లో కూడా ప్రమాదం లేదని నేను చెప్పను. కోత కొంచెం లోతుకి పోతే రంధ్రం పడి గాలి చర్మం కిందికి చేరుతుంది, మెడ మీద వేలు పెట్టి నొక్కితే చిటపటమంటుంది, ఒక్కోసారి ఇన్ఫెక్షన్ ఛాతీలోకి దిగొచ్చు, రక్తం రావొచ్చు. ఇవి తక్కువ మందికే, వచ్చినా ఎక్కువ భాగం క్లిప్పులతో యాంటీబయాటిక్స్‌తో సర్దుకుంటాయి. పదిమందిలో ఒకరిద్దరికి కొన్నేండ్లకి మళ్ళీ మింగుడు ఇబ్బంది రావొచ్చు, అప్పుడు మళ్ళీ నోట్లోంచే ఇంకోసారి చేయొచ్చు. ఇది ముందే తెలిసి ఉంటే తర్వాత డాక్టరుని తిట్టుకోరు.

పోయినప్పుడు మొహమాటం లేకుండా అడగండి, సార్ ఈ సంచి కేసులు మీరు ఎన్ని చేసినారు, లీక్ అయితే చూసే సర్జన్ ఇదే బిల్డింగ్‌లో ఉన్నాడా, మొత్తం ఎంత అవుతుంది అని. ఎండోస్కోపీ చేసే ప్రతి డాక్టరూ ఇది చేయడు, కడుపు ఎండోస్కోపీ వేరు ఇది వేరు. ఖర్చు ఆసుపత్రిని బట్టి మారుతుంది, ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే ప్రొసీజర్ పేరు డాక్టరుతో కాగితం మీద రాయించుకొని ఆసుపత్రి హెల్ప్ డెస్క్ దగ్గర అడగండి, నోటి మాటగా గొంతు ఆపరేషన్ అంటే వాళ్ళకి అర్థం కాదు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు, ఇది మీ నాయన ప్రాణానికి సంబంధించింది. ఇకమీదట ఏ ఆసుపత్రికి పోయినా, జ్వరానికి పోయినా సరే, ముందు "గొంతులో సంచి ఉంది" అని చెప్పాల. ముక్కులోంచి పైపు వేసేటప్పుడు, ఎండోస్కోపీ చేసేటప్పుడు, గుండెకి గొంతులోంచి చేసే ఎకో చేసేటప్పుడు తెలియక తోస్తే అది అన్నవాహికలోకి పోకుండా సంచిలోకి పోయి దాన్ని చించేయొచ్చు. ఆ మొదటి ఎండోస్కోపీ చేసినాయన పైపు పోలేదని బలవంతం చేయకుండా ఆపేసినాడు చూడు, ఆయనకి మనసులోనే దండం పెట్టుకోండి. బేరియం ఫిలిం ఒక కవర్‌లో పెట్టి ఎప్పుడూ వెంట ఉంచండి.

స్టెంట్ వేసినారు కాబట్టి రక్తం గడ్డ కట్టకుండా ఆస్పిరినో క్లోపిడోగ్రెలో వాడతాంటాడు. ఆపరేషన్ ఉంది కదా అని మీ అంతట మీరు ఆపొద్దు, ఊర్లో ఎవరో చెప్పినారని అస్సలు ఆపొద్దు, గుండె డాక్టరూ ఎండోస్కోపీ డాక్టరూ మాట్లాడుకొని ఏది ఎన్ని రోజులు ఆపాలో చెప్తారు. ఇంకోటి, అందరికీ ఆపరేషన్ ముందు రాత్రి నుంచి ఏం తినొద్దు అంటారు, మీ నాయనకి అది చాలదు, నిన్న తిన్నది కూడా సంచిలో ఉంటుంది. ఎన్ని రోజుల ముందు నుంచి ఉత్త నీళ్ళపదార్థాలు పెట్టాలో అడిగి తెలుసుకోండి, మత్తు డాక్టరుకి కూడా విడిగా చెప్పండి, లేకపోతే మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కట్టుడు పళ్ళు ఉంటే తీసిపోవాల.

డేటు వచ్చే లోపల ఇంట్లో ఏం చేయాలంటే, కూర్చొనే తినాల, నిటారుగా, టీవీ ముందు ఒరిగి కాదు. చిన్న ముద్ద, మధ్యమధ్యలో నీళ్ళు గుక్కెడు గుక్కెడు. మన వైపు ఒక అలవాటు ఉంది, సంగటి నమలం, పులుసులో ముంచి ముద్దకి ముద్ద మింగేస్తాం, నమిలితే పెద్దవాళ్ళు నవ్వేవాళ్ళు కూడా. మీ నాయనకి ఆ మింగుడే ఇప్పుడు శత్రువు, ఆ జిగురు ముద్ద పోయి సంచిలో కూర్చుంటే కదలదు. రాగి ఆయనకి కావాలంటే జావ పల్చగా కాచి, అందులో పాలో మజ్జిగో కలిపి ఇవ్వండి. జొన్న రొట్టె, ఉగ్గాని, చెనిక్కాయలు, మటన్ ముక్క కొన్నాళ్ళు పక్కన పెట్టండి. మెత్తగా ఉడికిన అన్నం పప్పుతో మెదిపి, గుడ్డు, పెరుగు, వెన్న తీయని పాలు, బరువు పెరగాలి కదా, ఉత్త గంజితో కడుపు నిండుతుంది గానీ ఒళ్ళు రాదు. తిన్నాక మెడ ఎడమ పక్క మెల్లగా కింది నుంచి పైకి నొక్కితే కొందరికి సంచి ఖాళీ అవుతుంది, అది ఉమ్మేసి నోరు పుక్కిలించి, రెండు మూడు గంటలు కూర్చొనే ఉండి, తర్వాత తల వైపు ఎత్తు పెట్టి పడుకోమనండి. రాత్రి భోజనం ఏడుకే ముగించండి. గోళీల్లో ఏవి పొడి చేయొచ్చో మందుల షాపాయన్ని కాకుండా డాక్టరుని అడగండి, కొన్ని పొడి చేయకూడదు.

ఇది చదివే మిగతా వాళ్ళకి ఒక మాట. మింగలేకపోవడం అంటే అందరికీ ఈ సంచే అనుకోవద్దు. పక్షవాతం వచ్చినాక, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి, మొదటి గుక్కకే పొలమారుతుంది, నీళ్ళు ముక్కులోకి వస్తాయి, అక్కడ కోసేది ఏమీ ఉండదు, మింగుడు నేర్పించే థెరపిస్టు కావాల, నీళ్ళు కొంచెం చిక్కగా చేసి తాపడం కావాల. ముద్ద గొంతులో కాకుండా రొమ్ము వెనక ఆగుతాంటే, గట్టి పదార్థాలతో మొదలై కొన్ని వారాల్లో నీళ్ళ దాకా వస్తే క్యాన్సర్ లేదని ఎండోస్కోపీతో తేల్చుకోవాల, ఒక్కరోజు కూడా ఆలస్యం వద్దు. అన్నం నీళ్ళు రెండూ మొదటి నుంచి ఒకేలా ఆగుతాంటే అఖలేసియా కావొచ్చు, అంటే అన్నవాహిక కింది కొసలో కండరం వదులవకపోవడం, దానికి కూడా నోట్లోంచే సొరంగం చేసి కండరాన్ని కోసే పోయెమ్ ఉంది, 2008లో జపాన్‌లో ఇనోయు అనే డాక్టరు మొదలుపెట్టింది, మరీ బలహీనంగా ఉన్నవాళ్ళకి బోటాక్స్ సూది కూడా వేస్తారు గానీ అది కొన్ని నెలలకే దిగిపోతుంది.

మీ నాయన సంగతికి వస్తే, ఈ లోపల జ్వరం, ఆయాసం, పచ్చటి కళ్ళె కనబడితే డేటు కోసం కూర్చోకుండా కర్నూలు తీసుకురండి, ముందు ఛాతీ ఎక్స్‌రే తీయాల. ఉమ్మిలో రక్తం కనబడినా అంతే. ప్రొసీజర్ అయ్యాక ఒక రోజు ఏమీ ఇవ్వరు, మళ్ళీ ఎక్స్‌రే తీసి లీక్ లేదని చూసుకొని నీళ్ళు మొదలుపెడతారు, ఒకటి రెండు వారాలు మెత్తటిదే. గొంతు రెండు మూడు రోజులు మంటగా ఉంటుంది, దానికి కంగారు పడొద్దు, కానీ ఛాతీ నొప్పి, జ్వరం, మెడ వాపు వస్తే రాత్రి రెండైనా ఫోన్ చేసి పోవాల్సిందే, హైదరాబాద్‌లో చేయిస్తే మొదటి మూడు నాలుగు రోజులు అక్కడే ఎవరో చుట్టాల ఇంట్లో ఉండి రండి, ఆదోని దాకా వచ్చేసినాక మళ్ళీ పరుగెత్తడం కష్టం.

సంగటి ఎప్పుడు పెట్టొచ్చు అని ఆయనే అడుగుతాడు చూడు, ఇంటికి వచ్చిన మూడో రోజే అడుగుతాడు. రెండు వారాలు ఆగమను. తర్వాత మొదటిసారి నిమ్మకాయంత ముద్ద, పులుసు ధారాళంగా పోసి, నువ్వు పక్కనే కూర్చొని పెట్టు.